అమ్మ ముఖంతో వచ్చిన రాణి

సోఫాల మేస్త్రి పొద్దున్నే షట్టరెత్తి, చిరిగిన గుడ్డ విప్పి, నోట్లో గుప్పెడు చిన్న మేకులు పోసుకున్నాడంటే ఇక మధ్యాహ్నం దాకా మాటుండదు. ఒక్కో మేకునీ నాలుకతో పెదాల మీదికి తోసుకుని సుత్తితో కొడుతుంటాడు. ఎవరేం అడిగినా తలూపడమే. ఇంట్లో మేకులు లేకపోయినా ఉన్నట్టే ఉంటాడని భార్య దెప్పుతుంది.

పదో తరగతి కొడుకుని ఈ ఏడాదితో బడి మాన్పించి దుకాణంలో కూర్చోబెట్టాలని మేస్త్రి ఎప్పుడో అనుకున్నాడు. తన చదువూ అక్కడే ఆగింది. తండ్రి పోగానే తల్లి అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇదే దుకాణంలో నిలబెట్టింది. ఎందుకని అతను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. చెప్పకుండానే కన్నుమూసింది.

కొడుక్కి చదువు అంతంతమాత్రం. పాఠం చదవమంటే రెండు లైన్లకే గాలిపోయిన ట్యూబైపోతాడు. అలాంటివాణ్ని ఏరికోరి డ్రామా మాస్టారు ఒక నాటకంలో ముసలి రాణిని చేశారు. నాలుగొందల ఏళ్ల కిందటి నాటకం అది. ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగపిల్లలే కట్టేవాళ్లట. ఇదీ మగపిల్లల బడే కాబట్టి చిక్కేమీ రాలేదు.

ఆ బళ్లో మాటలు బాగా ఒంటబట్టిన పిల్లాడికి వేషం తాలూకు వయసు కూడా ఒంటబడుతుంది. రాత్రి అన్నం తినేవేళకి దిగిపోతుంది. సేనాపతి కుర్రాడు దారిలో గడ్డం గీయించుకుని ఇంటికెళ్తాడు. ముసలి మంత్రి బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు.

మేస్త్రి కొడుకు కూడా ఓ సాయంత్రం తెల్లజుట్టుతో, నడుం పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏం రాణిగారూ, మోకాళ్లా?" అంది తల్లి.

"మెట్లెక్కేసరికి ప్రాణం పోయిందమ్మా. నాయనమ్మకి రోజూ ఇలాగే ఉండేదా?"

"ఉండేది. నువ్వేమో పరిగెత్తుకుంటూ పైకెళ్లి, ఆవిణ్ని తొందరగా రమ్మని అరిచేవాడివి."

వాడు మెల్లగా గోడవారన కూర్చున్నాడు. తర్వాత పుస్తకం తీసి, ఎవరూ చెప్పకుండానే చదువుకోవడం మొదలుపెట్టాడు. నాటకంలో రాణి కొడుకుని సరిహద్దు కోటకి ఎందుకు పంపేసిందో వాడికి అర్థం కావాలి. అందుకని చరిత్ర పుస్తకం తిరగేశాడు. తెలియని మాటలకి నిఘంటువు వెతికాడు. పక్కింటి ముసలావిడ దగ్గర కూర్చుని కబుర్లు విన్నాడు.

"కన్నతల్లి కొడుకుని ఎందుకు పంపేస్తుంది నాన్నా?" అని కూడా అడిగాడు.

మేస్త్రి పళ్లెంలోంచి తలెత్తలేదు. ముడతలు ముదిరేకొద్దీ వేషంలో కొడుకు ముఖం అచ్చం తన తల్లి ముఖమే అవుతోంది. అందుకే కొన్నాళ్లుగా వయసు దిగేవేళకి గానీ ఇంటికి రావడం లేదు.

"నాటకం అయిన మర్నాడే దుకాణానికి రా," అన్నాడు.

"వాడిప్పుడిప్పుడే చదువులో పడుతున్నాడండీ."

"నాటకం కూడు పెడుతుందా?"

భార్య పోరు పడలేక నాటకానికి వెళ్లాడు గానీ కూర్చోకుండా తలుపు పక్కనే నిలబడ్డాడు. చివరి అంకంలో, కోట నుంచి తిరిగొచ్చిన కొడుకు ముందుకి రాణి నడిచొచ్చింది.

"నిన్ను రాజ్యం కోసం పంపానని అందరికీ చెప్పాను. అబద్ధం. భయంతో పంపాను. ఒంటరిగా మొయ్యలేక నీ భుజం అడిగాను. అదెంత చిన్న భుజమో చూసుకోలేదు."

తర్వాతి మాట రాకుమారుడిది. వాడు నోరు తెరిచేలోపే హాలు వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"భయపడ్డావని నాకు తెలుసమ్మా!"

అందరూ వెనక్కి తిరిగారు. తెర పక్కనున్న మాస్టారు గబగబా మాటల కాగితాలు తిరగేశారు. రాణి మాత్రం తొణకలేదు. మెల్లగా అంచు దాకా వచ్చి, చీకట్లోకి చూసింది.

"తెలిసీ ఇన్నేళ్లు ఒంటరిగా మోశావా, నా తండ్రీ? ఇక దించెయ్."

హాలు హాలంతా లేచి నిలబడింది. చప్పట్లకి పైకప్పు రేకులు అదిరాయి. మేస్త్రి గోడకి ఆనుకుని, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఇంటికి నడుస్తూ అడిగాడు. "ఆ చివరి మాట పుస్తకంలో ఉందా?"

"లేదు నాన్నా. అక్కడ రాణి ఏమంటుందో అదే అన్నాను."

మేస్త్రి కాసేపు వాడి భుజం మీద చెయ్యేసి నడిచాడు. "దుకాణం ఎక్కడికీ పోదు. నువ్వు చదువుకో. ఎంతదాకా చదువుతావో నేనూ చూస్తాను."

మరుసటి ఏడు, కొడుకు ఇంటర్లో చేరాక, బళ్లో కొత్త నాటకంలో పద్నాలుగేళ్ల యువరాజు వేషానికి అంతంత పొడుగు మాటలు చెప్పగలిగే పిల్లాడెవరూ కుదరలేదు. ఆ వేషం తనకివ్వమని మేస్త్రి స్వయంగా వెళ్లి అడిగాడు. మాస్టారు మాటల కాగితాలు చేతిలో పెట్టారు. అతను కుట్టుమిషను తొక్కుతూ వాటిని బట్టీ పట్టాడు.

ఓ ఉదయం రిహార్సల్లో చివరి మాట పూర్తి చేస్తుండగా అతని గొంతు పద్నాలుగేళ్ల పిల్లాడిలా కీచుమంది. ప్యాంటు వదులైంది.

"ఒరేయ్, జారిపోతోంది, పట్టుకో!" అని సేనాపతి వేషం కుర్రాడు నవ్వాడు.

ఇంతలో గంట కొట్టారు. పిల్లలందరితో పాటు మేస్త్రి కూడా పదో తరగతిలోకి వెళ్లి, ఖాళీగా ఉన్న ముందు బెంచీలో కూర్చున్నాడు. లెక్కల మాస్టారు హాజరు పుస్తకంలో అతని పేరు కూడా చేర్చుకుని, బోర్డు మీద ఒక లెక్క వేశారు.

"ఎవరు చేస్తారు?"

మేస్త్రి అందరికంటే ముందు చెయ్యెత్తాడు.