ఐదో గేటు పలక

“నీకు తిరగడమంటే ఇష్టమే కదా, అలా ఓసారి చుట్టి వచ్చెయ్యి.” పన్నెండేళ్ళుగా ప్రతి జూన్‌లో, సరస్సు మీది మంచు కరగ్గానే, మా ఆయన కుర్దిన్ నాతో అనే మాట ఇది. నిజమే, ఇష్టమే. ఇష్టం కాబట్టే అది పని కింద లెక్కకు రాదు. సరస్సు చుట్టూ నలభై కిలోమీటర్ల కంకర దారి. చలికాలంలో కొండ ఎక్కడ జారింది, ఏ తూము విరిగింది, ఏ మలుపులో కంకర వదులై ముందు చక్రం కూరుకుపోతుంది, ఎక్కడ టైర్లలో కాస్త గాలి తీసేస్తే నడుము బతుకుతుంది, ఇవన్నీ సైకిలు మీద తిరిగి చూసి నోటుబుక్కులో రాసుకొస్తాను. కుర్దిన్ వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. మా లాడ్జి గోడ మీద పెద్ద పటం ఉంటుంది, ‘కుర్దిన్ దారులు’ అని. “మీ ఆయనకి ఇక్కడ ప్రతి రాయీ తెలుసండీ” అంటారు అతిథులు. బార్లీ సూపు వడ్డిస్తూ “అవునండీ” అంటాను.

ఈ గురువారం ఉదయం కుర్దిన్ వెంట పద్నాలుగు మంది సైకిళ్ళ మీద బయల్దేరి అరగంటయింది. నేను వంటింట్లో అక్రోట్ల టార్టుకి పిండి కలుపుతున్నాను. చేతులు పిండిలో ఉన్నాయి గానీ, ప్రాణం ఐదో గేటు దగ్గరుంది.

పచ్చిక కొండల మీదికి వెళ్ళే దారుల్లో ప్రతి గేటుకీ మా ఊళ్ళో ఒక పలక వేలాడుతుంది. దారి చూసొచ్చినవాళ్ళు దాని మీద బలపంతో ‘తెరిచి ఉంది’ అనో ‘మూసి ఉంది’ అనో రాసి, తేదీ వేసి, పేరు పెట్టాలి. ఎవరి పేరుంటే వాళ్ళే చెరపాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు. మొదటి ఏడాది కుర్దిన్ అన్నాడు, “జనం నన్ను చూసే కదా వచ్చేది, నా పేరే రాసెయ్.” అప్పట్నుంచి నా చెయ్యి అతని పేరే రాస్తోంది. ఈ సోమవారం కూడా ఐదో గేటు పలక మీద ‘తెరిచి ఉంది, కుర్దిన్’ అని రాసొచ్చాను.

నిన్న సాయంత్రం రొట్టెల కొట్లో పశువుల కాపరి యోన్ కనబడ్డాడు. “తల్లావుల్ని పైకి తోలేశానమ్మా. రెండు దూడలు పుట్టాయి, ఐదో గేటు దాటాక, సరిగ్గా మీ దారి పక్కనే. కుక్కతో వచ్చినాయన్ని ఒక తల్లావు కుమ్మేసింది, పక్కటెముకలు విరిగాయి. మీవాళ్ళని కింది దారిన పంపండి.”

“మరి పలక మీద మూసి ఉందని రాయకపోయావా?”

“మీ ఆయన పేరుంది కదా, నేనెలా చెరుపుతాను? ఆయన్నే వచ్చి మార్చమనండి.”

రాత్రే కుర్దిన్‌కి చెప్పాను. విన్నాడో లేదో తెలీదు. పొద్దున ఫలహారాల దగ్గర మళ్ళీ చెప్పాను.

“పలక మీద తెరిచి ఉందనేగా ఉంది?” అన్నాడు కుర్దిన్, అతిథులకి కాఫీ పోస్తూ.

“అది సోమవారం మాట.”

“సోమవారం నుంచి దారేమైనా లేచి పారిపోయిందా?”

అందరూ నవ్వారు. మా అమ్మాయి సెరైనా కూడా నవ్వింది. దానికి పదిహేనేళ్ళు. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని, “నలుగురిలో వాడి మాట తీసెయ్యకమ్మా, వాడికి తెలీదా?” అన్నారు. నేను నోరు మూసుకుని పాలు తేవడానికి లోపలికి వెళ్ళాను. ఇప్పుడు ఆ పాల గిన్నెను చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. నలుగురిలో ఎందుకు అరవలేదు? గుంపులో అందరికన్నా ముందు పోయేది నా కూతురే. గేటు దాటాక దేవదారుల మధ్య గుడ్డి మలుపుంది, అక్కణ్ణుంచి దిగుడు. సెరైనా ఏనాడూ బ్రేకు పట్టదు, గంట కొట్టదు. దూడను నాకుతున్న తల్లావు మీదికి పిల్ల దూసుకుపోతే? ఆరుసార్లు ఫోన్ చేశాను. తండ్రీ ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు.

“పిండి ఎండిపోతోంది” అన్నారు అత్తగారు.

“ఎండనివ్వండి అత్తయ్యా.”

చేతులైనా కడుక్కోకుండా సైకిలెక్కాను. వాళ్ళు తూర్పు గట్టు మీదుగా చుట్టూ తిరిగి వస్తారు. నేను అడ్డదారిన ఎక్కాలి. నిటారుగా ఉంటుంది, రాళ్ళు వెనక చక్రం కింద జారిపోతాయి. ఊపిరి అందక కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. కాళ్ళు తొక్కుతున్నాయి, మనసు మాత్రం ఒక్కటే లెక్కేస్తోంది, ఈపాటికి వంతెన దాటారా, ఈపాటికి గేటు చేరారా అని. పైకొచ్చేసరికి రంగురంగుల చొక్కాలు కనిపించాయి. సెరైనా చెయ్యి గేటు గడియ మీదుంది.

“సెరైనా! తియ్యకు!”

అందరూ తిరిగి చూశారు. కుర్దిన్ నవ్వాడు. “ఇదిగో, మా ఇంటి పోలీసు వచ్చేసింది. ఈమధ్య ఆవిడకి ఆవులంటే భయం పట్టుకుంది లెండి.”

నీలం హెల్మెట్ పెట్టుకున్న ఒకావిడ సందేహంగా పలక వైపు చూసింది. “తెరిచి ఉందనే రాసుందిగా?”

“సోమవారం నేనే స్వయంగా వచ్చి, చివరిదాకా చూసి రాశానండీ” అన్నాడు కుర్దిన్.

అతని మొహంలో ఎక్కడా అబద్ధం లేదు. నిజంగానే తనే తిరిగాననుకుంటున్నాడు. నాకు ఆవులకన్నా అదే ఎక్కువ భయం వేసింది.

“అయితే గేటు దాటాక మొదటి తూము ఏ వైపు విరిగింది కుర్దిన్?”

అతను హ్యాండిల్ మీద దారి చూపే తెరను ఒకసారి నొక్కి చూశాడు. తర్వాత ఈదురుగాలి గురించి ఏదో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సెరైనా పలక దగ్గరికి వంగి, నా పిండి చేతుల్ని చూసి, మళ్ళీ పలకను చూసింది.

“అమ్మా, ఇది నీ రాత కదా. నా టిఫిన్ డబ్బా మీద రాసేదీ ఇలాగే ఉంటుంది.”

మోచేత్తో పలక తుడవబోతుంటే కుర్దిన్ దగ్గరికొచ్చి, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు. “ఏం చేస్తున్నావ్? ఒకరి పేరున్న పలక ఇంకొకరు చెరపకూడదు.”

“నేను రాసిందే చెరుపుతున్నాను.”

‘మూసి ఉంది’ అని రాశాను. తేదీ వేశాను. పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అలవాటు కొద్దీ అతని పేరులో మొదటి అక్షరం రాసేసింది. బొటనవేలితో తుడిచి, నా పేరు రాశాను. మడ్లైనా. ఈ ఊళ్ళో ఏ పలక మీదా ఇంతకు ముందు లేని పేరు. మలుపు అవతల ఒక ఆవు గంట మోగింది, చాలా దగ్గరగా. సెరైనా గడియ మీంచి చెయ్యి తీసేసింది.

“కింది దారి చూపిస్తాను, నా వెనకే రండి” అని అందరికీ చెప్పి, బలపం కుర్దిన్ చేతిలో పెట్టాను.

“దీన్ని చెరపాలంటే ఇక నన్నడగాలి.”