గుంట పడిపోనాది

ఎనిమిది నిమిషాల్లో జోగయ్యని బతికించాలి. లేకపోతే అనూరాధకి ఐసియు డ్యూటీ ఉండదు. ఇంకో ఆరు నెలలు జూనియర్లతో కలిసి మంచాలకి దుప్పట్లు మార్చుకోవడమే.

జోగయ్య మనిషి కాదు, శ్రీకాకుళంలో ఓ నర్సింగ్ కాలేజీ ల్యాబులో ఉండే రబ్బరు బొమ్మ. ఊపిరి తీసుకుంటాడు, మూలుగుతాడు, చేతకాని వాళ్ళ చేతుల్లో చచ్చిపోతాడు. పోయిన నెల పరీక్షలో అనూరాధ చేతుల్లోనే ఓసారి చచ్చాడు.

అద్దం వెనక కూర్చుని అతన్ని ఆడించేది లక్ష్మీకామేశ్వరి మేడమ్. తెనాలి నుంచి వచ్చి పదిరోజులైంది. కళ్ళు కంప్యూటర్ మీద, నోరు మైకు దగ్గర.

“గుండె బలహీనపడింది. ఒంట్లో నీరు చేరింది. కాళ్ళు నొక్కి చూసి చెప్పు!” స్పీకర్ గద్దించింది.

అనూరాధ వంగింది. అంతలో మంచం అవతల ధబ్‌మని చప్పుడు. ఆక్సిజన్ గొట్టం అందించాల్సిన తోటి స్టూడెంట్ ఆశ్రిత నేలమీద వెల్లకిలా పడి ఉంది.

“మేడమ్! గుంట పడిపోనాది!”

“శభాష్! ఎంత లోతు?”

“లోతేటి మేడమ్? నేల మీదే!”

“రెండు కాళ్ళకీ పడిందా?”

“కాళ్ళు, సేతులు, బుర్ర... మొత్తం పడిపోనాది!”

“ఒళ్ళంతా నీరేనన్నమాట! మరి ఇంజెక్షన్ ఏమిస్తావ్?”

మేడమ్ వాళ్ళ వైపు గుంట అంటే వాచిన కాలిని నొక్కితే పడే సొట్ట. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల.

మానిటర్ కీచుమంది. ఆక్సిజన్ ఎనభై రెండు... డెబ్బై తొమ్మిది. ఇంకో రెండు నిమిషాలు దగ్గరుంటే జోగయ్య గట్టెక్కుతాడు, అనూరాధా గట్టెక్కుతుంది. కింద ఆశ్రిత పెదాలు పాలిపోతున్నాయి.

“నువ్వుండు మావా!” అని జోగయ్యని వదిలేసి నేలమీదికి దూకింది అనూరాధ. ఊపిరాడుతోంది. నాడి ఉంది, సన్నగా. ఆశ్రిత కాళ్ళు రెండూ ఎత్తి తన భుజానికి ఆనించుకుంది. “ఒసే, లెగవే! పొద్దున్నేటి తిన్నావు?”

పైన జోగయ్య కుయ్యిమని గీత సాగదీసి చచ్చిపోయాడు.

అప్పుడు తలెత్తి చూసింది మేడమ్. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. ఆశ్రిత వేలికి సూది గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర యాభై ఎనిమిదే.

ఆశ్రిత కళ్ళు తెరిచింది. “కార్తీక సోమారం గదా... ఉపాసం. జోగయ్య ఉన్నాడా?”

“పోనాడు. నీ వల్లే,” అంది అనూరాధ, గ్లూకోజు నీళ్ళు తాగిస్తూ.

మేడమ్ మార్కుల కాగితం మీద ‘రోగి మృతి’ అని రాసింది. దాని కిందే ‘పాస్’ అని రాసింది.

“బొమ్మ కంటే మనిషి ముందని తెలిసిన నర్సు నాకు కావాలి. రేపటి నుంచి ఐసియులో నా పక్కనే ఉండు.”

“పక్కనే ఎందుకు మేడమ్?”

“మొన్న వార్డులో ఓ తాత నా మాట అర్థంకాక ‘ఏటీ? ఏటీ?’ అని అడుగుతుంటే, ఏట్లో పడ్డాడని కేసు షీటులో రాసేశాను తల్లీ!”