తేలినీలాపురం పిల్లకొంగ

కాశీబుగ్గలో పౌరోహిత్యం చేసుకునే ఫణిశంకర్‌కు పక్షులంటే ఏమంత ఆసక్తి లేదు. పుష్యమాసం, పెళ్లిళ్లు లేవు, తీరికే కదా అని బావమరిది ప్రదీప్ పోరు పెడితే కాదనలేక బండెక్కాడు. టెక్కలి దాటి తేలినీలాపురం చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది.

అక్కడి చింతచెట్ల మీద ఆకులకన్నా కొంగలే ఎక్కువ కనిపించాయి. పసుపు ముక్కులు, తెల్లటి ఒళ్లు, తోక దగ్గర గులాబీ రంగు. చేపల కంపు గుప్పున కొట్టింది. ఫణిశంకర్ ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"చూశాంగా, ఇక పద."

"ఇప్పుడేగా వచ్చాం బావా. ఓసారి ఇందులోంచి చూడు," అంటూ ప్రదీప్ బైనాక్యులర్స్ చేతిలో పెట్టాడు.

గూడొకటి ఒక్కసారిగా కళ్లముందుకొచ్చింది. తల్లి నోట్లోంచి చేపలు జార్చింది. మూడు పిల్లలు ఎగబడ్డాయి. వాటిలో ఒకటి పట్టు తప్పి, కింది కొమ్మకు రెక్క తగులుకుని వేలాడింది.

అటుగా వెళ్తున్న రాజకుమారి అనే ఊరావిడ చెట్టు కిందికి పరుగెత్తుకొచ్చింది.

"పంతులు గారూ, మీ బుజమ్మీద గుడ్డ ఇలా తెండి. ఆ సివర మీరట్టుకోండి, ఈ సివర నానట్టుకుంతాను."

మడిబట్ట అని చెప్పాలనుకున్నాడు. అప్పటికే చేతులు దాన్ని విప్పేశాయి. ఇద్దరూ సాచి పట్టుకున్నారు. పిల్ల దబ్బున అందులో పడింది. పడీ పడగానే తిన్న చేపంతా అతని పొట్ట మీద కక్కింది.

ప్రదీప్ నవ్వబోయి ఆగాడు. ఫణిశంకర్ కదల్లేదు. గుడ్డలోంచి దాని గుండె దడ అతని చేతులకు తెలుస్తోంది.

"బెదిరితే కక్కేత్తాదండి. దానికేటీ కాదు," అంది రాజకుమారి.

పిల్లను ఉత్తరీయంలోనే చుట్టి, దెబ్బతిన్న పక్షుల కోసం కట్టిన వలపాకకు తీసుకెళ్లారు. కాపలా ఆయన రెక్కలు తడిమి చూసి, ఎముకలు బాగానే ఉన్నాయని, ఎగరడం వచ్చేదాకా చేపలు పెట్టి సాకుతామని చెప్పాడు.

ఒళ్లు కడుక్కుని ఫణిశంకర్ మళ్లీ ఆ చెట్టు దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. ఎండ ముదిరింది. గూట్లో మిగిలిన పిల్లల మీద నీడ పడేలా, తల్లి కొంగ సూర్యుడికి వీపు పెట్టి రెండు రెక్కలూ విప్పి నిలబడింది.

"అలా ఎంతసేపుంటుందిరా?" మెల్లగా అడిగాడు.

"ఎండ ఉన్నంతసేపూ బావా. పొద్దు తిరిగితే అదీ తిరుగుతుంది."

దణ్ణం పెడదామని చేతులెత్తబోయాడు. కదిలితే ఎక్కడ బెదురుతుందోనని వాటిని ఒళ్లోనే ఉంచుకుని, చూస్తూ ఉండిపోయాడు.