ఈదమ్మ వంతు

ఈదమ్మ అరచేతి కింద జొన్నపిండి టపటపమంటూ గుండ్రంగా సాగుతోంది. పెంక మీద ఒక రొట్టె పొంగుతుంటే పీట మీద ఇంకొకటి. ముంజేతుల దాకా పిండి, కనుబొమల మీద బూడిద. బక్కపలచటి మనిషి. బుద్ధెరిగిన నాటి నుంచి కలుపు తీయడం, పత్తి ఏరడం, రొట్టెలు కాల్చడం, ఇంతే ఆమె బతుకు. అమ్రాబాద్ దాటి పోయింది లేదు.

ఊరి వెనక అడవిలో జలపాతం దాకా నడకదారి వేసి, రాళ్ల మీద తెల్ల బాణాలు గీశాక, పట్నం పిల్లలు వీపున సంచులేసుకుని రావడం మొదలైంది. డబ్బు తీసుకుని వాళ్లకు ఇంటికొక వంతున అన్నం పెట్టాలని ఆడవాళ్ల సంఘం అనుకుంది. ఈదమ్మను మాత్రం పక్కన పెట్టారు. మొగుడు శంకరయ్య మంచాన పడ్డాడు కదా, రోగి ఉన్న ఇంట్లో ఎవరు తింటారు? సంఘం కూర్చున్నప్పుడల్లా పోయి గడప దగ్గర కూర్చునేది ఈదమ్మ. ఆఖరికి ఇవాళ ఒక్క వంతు ఇచ్చారు. ఇది చెడితే ఇంక రాదు.

"అత్తా, జర పలచగ చెయ్యే. పట్నపోల్ల పండ్లు ఊడుతయి," అంది సంఘం పెద్ద సౌందర్య, ఉల్లిగడ్డలు కోస్తూ.

"నీ పెండ్లిల పెట్టింది నా రొట్టెలే. నీ మొగని పండ్లు ఊడినయా?"

"పండ్లున్నయి గని, ఆనాటి సంది మాటే పడిపోయింది!"

నవ్వుకుంటూనే ఈదమ్మ జావ గ్లాసు పట్టుకుని లోపలి అర్రలోకి పోయింది. శంకరయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు. భుజం తట్టింది. చల్లగా తగిలింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చాలాసేపు అట్లాగే ఉంచింది.

ఇంట్లో ప్రాణం పోతే పొయ్యి ఆర్పాలి. మనిషిని మట్టిలో పెట్టేదాకా ఆ ఇంట నిప్పు రాజెయ్యరు, ఆ ఇంటి వంట ఎవరూ ముట్టరు. ఒక్క ఏడుపు వినిపిస్తే చాలు, ఊరంతా వస్తుంది. వాగు దాటుతున్న పిల్లల కేకలు అప్పుడే దగ్గరవుతున్నాయి.

గొంగడి మెడ దాకా లాగింది. మొహం కప్పలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. పిండి ఆరిపోయింది. నీళ్లు చల్లుకుని మళ్లీ తట్టింది.

పిల్లలు తడి కాళ్లతో వాకిట్లో బంతి కట్టి వరసగా కూర్చున్నారు. రొట్టె, పచ్చిపులుసు, పల్లీల తొక్కు. అడిగినవాళ్లకు అడిగినంత వేసింది.

"తాతగారు తినరా అమ్మమ్మా?" అంది వాళ్లలో వర్ష అనే పిల్ల, తలుపు సందులోంచి మంచం చూసి.

"పండుకున్నడు బిడ్డా. లేపకుండ్రి."

తిని, దండం పెట్టి, వాళ్లు మళ్లీ బాణాల దారి పట్టారు.

"గెలిచినవ్ అత్తా! వచ్చే ఐతారం గూడ నీకే," అంది సౌందర్య.

ఈదమ్మ తల ఊపి, బిందె ఎత్తి పొయ్యిలో నీళ్లు కుమ్మరించింది. బూడిద పొగలా లేచింది.

"ఏందే, గిట్ల జేస్తివి?"

"మీ మామ పోయిండు."

"ఎప్పుడు?"

"నేను జావ తీస్కపోయే యాల్లకే."

సౌందర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆరిన పొయ్యి వంక, ఎంగిలి విస్తళ్ల వంక చూసింది. తర్వాత ఆమే గొల్లుమంది. ఊరు వచ్చింది. అడిగిన ప్రతివాళ్లకూ ఆమే చెప్పింది, "గిప్పుడే, గీ గడియలనే పానం ఇడిసిండు."

ఈదమ్మకు ఏడుపు రాలేదు. గోళ్లలో పిండి గీక్కుంటూ కూర్చుంది.

శంకరయ్యను తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. పైన దండెం మీద, ఏ పిల్ల మరిచిపోయిందో, ఒంటి ఎర్ర మేజోడు ఎండకు ఆరుతోంది.