ఎడమ కనుబొమ్మ

సంగీతమంటే చెవి కోసుకుంటామని చాలామంది గొప్పలు చెప్పుకుంటారు. కోసుకునే పని లేకుండానే నా రెండు చెవులూ పోయాయి. వయొలిన్ వాయించుకుని బతికే మనిషిని, ఈ సంగతిని మూడేళ్ళపాటు మూడో కంటికి తెలియకుండా దాచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పట్లో అదొక ఘనకార్యంలాగే ఉండేది.

మా అక్కయ్య గాయని. ముప్పయ్యారేళ్ళుగా ఆమె పాడుతుంటే పక్కన కూర్చుని నేను వాయిస్తున్నాను. పోస్టర్ల మీద ఆమె బొమ్మ తలుపంత ఉంటుంది, నా పేరు వెతుక్కుంటే దొరుకుతుంది. అయినా అక్కయ్యకు నా విలువ తెలుసు. ఎక్కడైనా శ్రుతి తప్పిందా, నా ఎడమ కనుబొమ్మ దానంతటది పైకి లేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు అది. అక్కయ్య పాడుతూ పాడుతూ ఓరగా నా వంక చూస్తుంది. కనుబొమ్మ లేస్తే మరుక్షణం గొంతు సర్దుకుంటుంది, లేవకపోతే ధైర్యంగా ముందుకు పోతుంది. ఆ చూపు చూసి జనం, అక్కాతమ్ముళ్ళంటే వీళ్ళూ అని మురిసిపోయేవాళ్ళు. అది ప్రేమా కాదు పాడూ కాదు, ఉత్త తనిఖీ.

ముందుగా పోయినవి సన్నటి శబ్దాలు. ఫోను మోగడం మానేసింది, వీధి తలుపు గంట మోగడం మానేసింది, పొయ్యి మీద కెటిల్ ఈల వేయడం మానేసింది. ఇంట్లో అన్నీ ఒక్కసారే పాడయ్యాయేమిటని గంట బాగుచేసే మనిషికి కబురు పెట్టాను. అతను వచ్చి, పదిసార్లు గంట కొట్టి, ఎవరూ తలుపు తీయకపోతే తిరిగి వెళ్ళిపోయాడట. మా ఆవిడ మాత్రం తేడా కనిపెట్టనే లేదు. తను చెప్పింది నేను వినకపోవడం పెళ్ళయిన కొత్తల్లోంచీ ఉన్నదే.

చెవుల డాక్టరు నన్ను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. ఎంతసేపటికీ మొదలుపెట్టడేమిటని నేను ఓపిగ్గా కూర్చున్నాను. కాసేపటికి తలుపు తీసి, పరీక్ష అయిపోయింది, బయటికి రండి అన్నాడు. నలభై ఏళ్ళు చెవికి జానెడు దూరంలో వయొలిన్ మోగించినందుకు ఇది బహుమానమట. చెవికి పెట్టుకునే యంత్రం ఒకటి ఇచ్చి, ఇది మాటల కోసం చేసింది, పాటల సంగతి మాత్రం నన్నడగొద్దన్నాడు. నిజమే. దాన్ని పెట్టుకుని వయొలిన్ తీస్తే రేకు డబ్బా మీద మేకుతో గీకినట్టుంది. తీసి సొరుగులో పడేశాను.

ఆ తర్వాత నేను పడ్డ పాట్లు చెబితే ఒక పుస్తకమవుతుంది. నా వయొలిన్ నాకు దవడలోంచి తెలిసేది. గడ్డం కింద చెక్క అదిరే తీరును బట్టి వేలు సరైన చోట పడిందో లేదో చెప్పగలిగేవాణ్ణి. తీగలు బిగించుకోవడానికి ఫోనులో ఒక శ్రుతి ముల్లు పెట్టుకున్నాను. స్వరం సరిగ్గా ఉంటే ముల్లు నడిమధ్యన నిలబడుతుంది, తగ్గితే ఎడమకీ హెచ్చితే కుడికీ వాలుతుంది. ఇక అక్కయ్య పాటంటారా, దాన్ని కళ్ళతో విన్నాను. ఏ పాటకు ముందు ఎంత ఊపిరి పీలుస్తుందో, ఏ చోట మెడ నరం లేస్తుందో, ఎక్కడ మోకాలి మీద వేలు ఆడిస్తుందో ముప్పయ్యారేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. అనుమానం వచ్చిన చోట వాయించడం మానేసి కళ్ళు మూసుకుని తల ఊపేవాణ్ణి.

దానికి ఫలితం దక్కింది. ఒక పత్రికా విమర్శకుడు, ఇన్నేళ్ళకు ఈ వయొలిన్‌కు సంయమనం అబ్బిందని రాశాడు. ఎక్కడ ఆగాలో తెలిసినవాడే విద్వాంసుడన్నాడు. చెవులు బాగున్న రోజుల్లో నా గురించి ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు ఆ మహానుభావుడు. ఆ ముక్క కత్తిరించి వయొలిన్ పెట్టెలో దాచుకున్నాను. అదే వ్యాసంలో అక్కయ్య గురించి ఇంకో మాట ఉంది. ఈమె ఇప్పుడు స్వరాన్ని సూటిగా తాకడం లేదు, దానికి కాస్త కింద, దాని నీడలో నిలబడుతోంది, ఇది పరిణతి అన్నాడు. మా ఇద్దరికీ ఆ మాట బాగా నచ్చింది.

అక్కయ్య కూడా ఆ మూడేళ్ళలో మారిపోయింది. భయపడి పక్కన పెట్టేసిన పాత పాటలు బయటికి తీసింది. వేదిక మీద నవ్వడం నేర్చుకుంది. అరవై మూడేళ్ళకు గొంతు దారికొచ్చిందిరా అని ఒకరోజు కార్లో నా భుజం తట్టింది. మాటలు వినిపించలేదు గానీ పెదవులు చూసి గ్రహించి, నేనూ నవ్వాను.

ఇలా ఉండగా ఒక పెద్ద సంగీత గ్రంథాలయం వాళ్ళు ఉత్తరం రాశారు. అక్కయ్య పాటలు పన్నెండు రికార్డు చేసి, రాబోయే తరాల కోసం శాశ్వతంగా భద్రపరుస్తారట. శుక్రవారం ముహూర్తం పెట్టారు. అక్కయ్య ఆ ఉత్తరాన్ని అద్దం బిగించిన పటంలా రెండు చేతులతో పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

సోమవారం వాళ్ళింటి మేడ మీద గదిలో సాధనకు కూర్చున్నాం. తీగలు బిగించుకున్నాక ఫోను ఆపడం మరిచిపోయి ఎదురుగా స్టాండు మీదే వదిలేశాను. అక్కయ్య వాద్యాలేవీ లేకుండా ఒక దీర్ఘస్వరం అందుకుంది. ముల్లు ఎడమకు వాలి అక్కడే నిలబడిపోయింది. ఫోను పాడైందనుకున్నాను. ఊరికే అన్నట్టు నా తీగ మీద అదే స్వరం వాయించాను. ముల్లు బుద్ధిగా మధ్యకొచ్చింది. అక్కయ్య మళ్ళీ పాడింది, మళ్ళీ ఎడమకు పోయింది. ఒక పాట కాదు, నాలుగు పాటలు చూశాను. అక్కయ్య మాత్రం నా ముఖం చూసి నిశ్చింతగా పాడుకుంటూ పోయింది.

మా డ్రమ్ముల ఆయన్ని అందరం గడియారం అంటాం, తాళం క్షణం అటూ ఇటూ కాదు కనుక. సాధన అయ్యాక అతన్ని మెట్ల దగ్గర పట్టుకుని, వెలుగులోకి జరిపి, పెదవులు కనిపించేలా నిలబెట్టుకుని అడిగాను. అక్కయ్య పాటలో నీకేమైనా తేడాగా ఉందా అని. అతను మేడ వైపు ఒకసారి చూశాడు.

"రెండేళ్ళుగా ఉంది మాస్టారూ. కానీ మీ కనుబొమ్మ లేవలేదు కదా. మీకు తప్పనిపించనిది నాకనిపిస్తే నా చెవిలోనే ఏదో లోపమనుకున్నాను. డాక్టరుకు చూపించుకున్నాను కూడా. బాగానే ఉన్నాయన్నాడు."

మేనకోడల్ని అడిగాను. అక్కయ్య కచేరీల రాకపోకలన్నీ అదే చూసుకుంటుంది. తనకూ తెలుసట. మైకులు చూసేవాణ్ణి కదిపితే, మీ మావయ్యే నోరు మెదపనప్పుడు మనమెంత అన్నాడట. ఆ విమర్శకుడి నీడలూ పరిణతీ ఎక్కడ పుట్టాయో కూడా మేనకోడలే చెప్పింది. ఏదో తేడాగా ఉందే అనుకుంటూ నా వంక చూశాడట, నేను తల ఊపుతూ ఉన్నానట. మొత్తానికి మూడేళ్ళుగా ఊరంతా ఒక చెవిటివాడి చెవిని నమ్ముకుని కూర్చుంది. ఆ చెవిటివాడు అక్కయ్యను నమ్ముకున్నాడు. అక్కయ్య నా కనుబొమ్మను నమ్ముకుంది.

దాచుకోకుండా చెబుతాను, నాకు మొదట భయం వేసింది అక్కయ్య గురించి కాదు, నా గురించి. శ్రుతి తగ్గుతోందని చెబితే, ఇన్నాళ్ళూ ఏం చేశావంటుంది. వినపడలేదని చెప్పాలి. చెవిటి వయొలిన్‌ను ఎవరు పిలుస్తారు? చెప్పకపోతే శుక్రవారం ఆ పన్నెండు పాటలూ అలాగే ఎక్కుతాయి. నేను బతికున్నాళ్ళూ నా కుర్చీ నాకుంటుంది, ఆమె పేరు మీద ఆ శ్రుతి శాశ్వతంగా ఉంటుంది.

పిరికివాడికి ఉపాయాలకేం కొదవ. మంగళవారం ముల్లును చూస్తూ కనుబొమ్మ ఎత్తడం మొదలుపెట్టాను. నోరు విప్పకుండా పని జరిగిపోతుందనుకున్నాను. తీరా చూస్తే ముల్లు కదిలి, నేను చూసి, కనుబొమ్మ లేచేసరికి అక్కయ్య తర్వాతి స్వరానికి పోయి ఉండేది. అది సరిగ్గానే ఉండేది. నా ముఖం చూసి దాన్ని సర్దబోయి చెడగొట్టుకునేది. అప్పుడు ముల్లు కుడికి పోయేది, నేను మళ్ళీ ఎత్తేవాణ్ణి. పావుగంట అయ్యేసరికి గడియారం అంతటివాడు తాళం వదిలేసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. అక్కయ్య పాట ఆపేసింది. ముఖమంతా చెమట. మూడేళ్ళు హాయిగా పాడుకున్నాను కదరా, మళ్ళీ మొదలుపెట్టావా అంది. అంటూ పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇక నా వల్ల కాలేదు.

గడియారాన్ని టీ తాగి రమ్మని పంపించి, ఆమెకు ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.

"అక్కా, నాకు చెవులు వినపడవు. మూడేళ్ళయింది."

ఆమె నవ్వబోయి ఆగింది. అబద్ధమాడితే నా ముఖం ఎలా ఉంటుందో పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి. నీకు చెవుడేమిటిరా, ఎప్పుడైనా చూపించుకున్నావా, నాకెందుకు చెప్పలేదు, ఇంత కష్టం ఒక్కడివే పడ్డావా అని వరుసగా అడిగింది. అన్నీ నా గురించే. నేను ఆమె పెదవుల వంకే చూస్తూ జవాబులు చెప్పాను. ఆఖరి ప్రశ్నకు వచ్చేసరికి ఆమె పెదవులు ఆగిపోయాయి. లెక్క తేలినట్టుంది.

"అయితే ఈ మూడేళ్ళూ నేను పాడింది..."

"తగ్గుతోందక్కా. నిన్ననే తెలిసింది. అదీ ఫోనులో చూసి."

"మొన్న వానలో పాడానే, జనమంతా లేచి నిలబడ్డారు. అది కూడానా?"

"తెలీదు. నేను వినలేదు."

ఇంకెవరినైనా అడగమని చెప్పొచ్చు. మేనకోడలు చెప్పగలదు, గడియారం చెప్పగలడు. కానీ అక్కయ్య జీవితంలో ఒక్కరి తీర్పునే పట్టించుకుంది. ఆ ఒక్కడూ ఆ రోజు పక్కనే కూర్చుని, ఏమీ వినకుండా తల ఊపాడు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మోకాలి మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. ఏ పాట పాడుకుంటోందో వేళ్ళను బట్టి నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత లేచి గ్రంథాలయం వాళ్ళకు ఫోను చేసింది. ఆమె పెదవులు చదివాను. మా తమ్ముడికి ఒంట్లో బాగాలేదండీ, వాడు లేకుండా నేను పాడలేను, ఈ రికార్డింగు సంగతి ఇక మరిచిపోండి అంది. అటువైపు వాళ్ళు బతిమాలుతున్నట్టున్నారు. ఏం చేయమంటారు, పాపం వాడికి చెవుడొచ్చింది, బయట అనకండి అని గొంతు తగ్గించినట్టు వంగి చెప్పింది. మూడేళ్ళు దాచిన రహస్యం ఆమె పరువుకు ఈ విధంగా అక్కరకొచ్చింది. నాకు కోపం రాలేదు. వస్తుందేమోనని చూశాను, రాలేదు.

ఫోను పెట్టేసి వచ్చి కూర్చుంది. ఏదో ఒకటి అనాలి. తప్పులు ఎంచడం తప్ప ఆమెతో పాట గురించి నేనెప్పుడూ ఏమీ మాట్లాడి ఎరగను.

"నాకు ఆఖరిసారి వినపడ్డప్పుడు చాలా బాగా పాడేదానివి అక్కా. అంత బాగా పాడేవాళ్ళను నేను వినలేదు."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. దవడ కదలడం కనిపించింది గానీ ఏమందో తెలియలేదు. ఇదివరకైతే అర్థమైనట్టు తల ఊపేసి ఉండేవాణ్ణి. ఇప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుని, వినపడలేదక్కా, ఇటు తిరిగి చెప్పు అన్నాను. తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడమరిచి, నోరు బాగా తెరిచి మళ్ళీ చెప్పింది.

"ఈ ఒక్క ముక్క చెప్పడానికి నీకు చెవులు పోవాల్సొచ్చిందట్రా?"