సముద్రం వైపు మలుపు

ఆ రోజు గుర్రాల వరుసకు ముందు నడవబోయేది యుదెల్కా. లిమోన్ ఊళ్లో ఆడపిల్ల ఆ పనికి దిగడం అదే మొదలు. పొద్దున్నే అతిథులను జలపాతానికి తీసుకెళ్లాలి, స్నానాలయ్యాక కొండ దింపి సముద్రానికి చేర్చాలి. గుర్రాలన్నీ బాబాయి పోర్ఫిరియోవి. ఆయన ఒప్పుకున్నాడు గానీ ఓ మెలిక పెట్టాడు. జలపాతం దగ్గర తప్ప దారిలో ఒక్కరు గుర్రం దిగినా, రేపటి నుంచి ఆమె మళ్లీ వంటపాకలో చేపలు వేయించుకోవాల్సిందే.

సాంతియాగో పట్నం నుంచి ఆరుగురు టీచరమ్మలు వచ్చారు. అందరిలోకీ పెద్దావిడ నెరెయిదా ఎన్నడూ గుర్రమెక్కినది కాదు. ఎక్కగానే జీనును రెండు చేతులా కరిచి పట్టుకుంది.

వరుసకు ముందు, యుదెల్కా తాడు పట్టి నడిపించే ఆడగుర్రం కనేలా. దాని మీద ఎవరూ ఎక్కరు. మెడలో గంట మోగుతుంటే మిగతావి ఆ చప్పుడు వెంటే నడుస్తాయి. కనేలాకు మూడు నెలల పిల్ల ఉంది, ఎప్పుడూ తల్లి పక్కనే గెంతుతూ వస్తుంది. అతిథుల ముందు ఆ గెంతులు బాగుండవని యుదెల్కా దాన్ని ఇంటి దగ్గర కట్టేసింది. వరుస చివర నడిచే బాబాయి కొడుకు విల్కిన్ వద్దన్నాడు. పనిలో పద్ధతి అంటే ఏమిటో నీకేం తెలుసులే అని వాడి నోరు మూయించింది.

బురదలో, కోకో చెట్ల నీడలో, వాగులు దాటుకుంటూ ఎక్కారు. కనేలా రెండు మూడుసార్లు వెనక్కి చూసి సకిలించింది. పైన గుర్రాలను కట్టేసి మెట్లు దిగితే జలపాతం. ఆ హోరులో మాటలు వినిపించలేదు. అందరికన్నా ముందు నీళ్లలోకి దూకింది నెరెయిదాయే. చలికి పళ్లు టకటకలాడుతున్నా బయటికి రానంటే రానంది. యుదెల్కాకు గాల్లో తేలినట్టుంది. సగం గెలిచేసినట్టే.

దిగేటప్పుడు దారి చీలింది. కుడివైపు ఇల్లు, ఎడమవైపు సముద్రం. కనేలా ఆగింది. పొదుగు బిగిసి పాలు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఒక్కసారి సకిలించి కుడివైపు తిరిగింది. వెనకున్నవన్నీ తలలు అటే తిప్పాయి. యుదెల్కా తాడు పట్టి ఎంత లాగినా అది కదల్లేదు.

"దిగిపోనా అమ్మా, భయమేస్తోంది," అంది నెరెయిదా.

వెనక నుంచి విల్కిన్ అందుకున్నాడు. "పిల్లను కట్టేయొద్దని చెప్పానా అక్కా? ఇక దింపి నడిపించు అందర్నీ. నాన్నకు చేపలు నువ్వే వేయిద్దువుగాని."

యుదెల్కా మొహం ఎర్రబడింది. వాడు చెప్పింది నిజమే. నెరెయిదా అప్పటికే ఒక కాలు రికాబులోంచి తీసేసింది.

"కాలు లోపల పెట్టండమ్మగారూ. ఒక్క క్షణం."

కనేలా మెడలోంచి గంట తీసి తన మెడలో వేసుకుంది. తాడు విప్పి వీపు మీద తట్టింది. అది పిల్ల కోసం ఇంటివైపు ఉరికింది. యుదెల్కా ఎడమదారి పట్టి, గంట గణగణమనేలా గెంతుతూ పరుగెత్తింది. గుర్రాలు వెళ్లిపోతున్న కనేలాను చూశాయి, చెవులు రిక్కించి గంట వైపు చూశాయి. మొదట నెరెయిదా ఎక్కిన గుర్రం ఎడమకు తిరిగింది. తక్కినవి దాని వెంటపడ్డాయి.

"ఆవుకు కట్టే గంటలు కూడా తెమ్మంటావా అక్కా?" అని విల్కిన్ అరిస్తే ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లో భయం ఎటు పోయిందో, నెరెయిదా పగ్గం వదులు చేసి గుర్రాన్ని ఉరికించమంది.

కొబ్బరిచెట్లు దాటేసరికి ఎదురుగా నీలంగా సముద్రం. ఒడ్డున పొయ్యి దగ్గర నిలబడ్డ పోర్ఫిరియో ఒక్కొక్కరినే చూశాడు. అందరూ జీనుల మీదే ఉన్నారు.

"కనేలా ఏది?"

"పిల్లకు పాలివ్వడానికి ఇంటికి పంపేశాను బాబాయ్. దాన్ని కట్టేసి తప్పు చేశాను."

ఆయన యుదెల్కా మెడలోని గంటను చూశాడు, చెమటతో తడిసిన ఆమె మొహం చూశాడు. 

"రేపు పిల్లను వెంట తీసుకెళ్లు," అన్నాడు చివరికి. ఆపైన కొడుకు వైపు తిరిగి, చేపల గంప వాడి ముందుకు కాలితో జరిపాడు.

విల్కిన్ ఏదో అనబోయాడు. యుదెల్కా వినలేదు. గుర్రం మీదే అలల్లోకి దిగిపోతున్న నెరెయిదా రమ్మని పిలుస్తుంటే, బట్టలు తడుస్తాయన్న ధ్యాస కూడా లేకుండా అటు పరుగెత్తింది.