ఏడో తలుపు బండి

మా షెడ్డుకు రెండు వైపులా తలుపులే. ఇటువైపు పెద్ద లారీలు వెనక్కి వచ్చి ఆనుకుంటాయి. అటువైపు పన్నెండు తలుపుల దగ్గర పన్నెండు ఊళ్లకు వెళ్లే చిన్న బండ్లు నిలబడతాయి. సరుకు ఇందులోంచి అందులోకి పోవాలి తప్ప మధ్యలో నిల్వ ఉండకూడదు. గోడౌనంటే మా యజమానికి అస్సలు గిట్టదు. ఏ పెట్టె ఏ తలుపుకు వెళ్లాలో చూసి, దాని మీద సుద్దతో ఆ అంకె వేయడం నా పని. ఇరవై రెండేళ్లుగా గానుగెద్దులా ఇదే తిరుగుడు. మోకాళ్లు అరిగిపోయాయి గానీ నాకంటూ ఒక కుర్చీ వేసిన పాపాన పోలేదు ఎవరూ.

ఆ పొద్దున మా చెల్లెలి కుట్టుమిషను ఆటోలో తెచ్చి నేనే షెడ్డులో దించాను. మొగుడి దెబ్బలు పడలేక ఆమె ఇల్లు వదిలి వచ్చేటప్పుడు తెచ్చుకున్నవి రెండే, బట్టల సంచీ, ఈ మిషను. పదకొండో తలుపు బండి వెళ్లే ఊళ్లో గది తీసుకుంది. మర్నాటి నుంచి బడిపిల్లల బట్టలు కుట్టే పని ఒప్పుకుంది. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే వస్తే, సర్దుకుపొమ్మని నచ్చజెప్పి వెనక్కి దిగబెట్టి వచ్చిన పెద్దమనిషిని నేనే. ఈసారైనా నా వైపు ఉంటావా అని అడిగింది. ఉంటానని మాటిచ్చాను.

అంతలో నాలుగు లారీలు ఒకేసారి వచ్చిపడ్డాయి. తల ఎత్తే తీరిక లేదు. పెట్టె వెనక పెట్టె, అంకె వెనక అంకె వేసుకుంటూ పోయాను.

మధ్యాహ్నానికి షెడ్డు ఖాళీ అయింది. మంచినీళ్లు తాగుతుంటే పదకొండో బండి డ్రైవరు వచ్చి, మీ మిషనుకు చోటు ఉంచాను, ఏదీ అన్నాడు. పదహారేళ్లుగా చెల్లెలికి అత్తగారి ఊరికి ఏది పంపినా, దుప్పట్లయినా మందులయినా, ఏడు వేసే పంపాను. ఇవాళా నా చెయ్యి ఏడే వేసింది. ఏడో బండి డ్రైవరుకు ఆ ఇల్లు కొట్టిన పిండి. ఫోన్ చేస్తే, మీ బావగారి చేతికే ఇచ్చానని సంబరంగా చెప్పాడు.

ఆ ఫోన్ పెట్టేలోపే చెల్లెలి మొగుడి నుంచి ఫోన్.

"మిషను అందింది బావగారూ. మనిషిని ఎప్పుడు పంపిస్తున్నారు?"

గొంతులో ఎక్కడలేని మర్యాద. రెండుసార్లు పంపినవాడు మూడోసారి మాత్రం పంపడా అని అతని ధీమా. నాకు ఒళ్లు మండిపోయింది.

"మనిషి రాదు. మిషను కోసం నేనే వస్తున్నా."

ఈ మాట ఎప్పుడో అనాల్సింది.

చెల్లెలికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. చెయ్యి అలవాటుపడి వేసేసింది, సాయంత్రానికల్లా తెచ్చిస్తానన్నాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"నిజంగా పొరపాటేనా అన్నయ్యా?"

అవునన్నాను. సరేలే అంది, నమ్మకుండానే. నమ్మనందుకు ఆమెను ఏమనగలను? నాకే సిగ్గేసింది. బయట ఐదో లారీ వచ్చి ఆనుకుంటోంది. దాన్ని అలాగే వదిలేసి బస్టాండుకు బయల్దేరాను.